గోల్కొండ బలిచ్చిన మాదన్న

1685 అక్టోబరు. హైదరాబాదు నగరాన్ని మొఘల్ సైన్యం దోచుకుంటోంది. చార్మినారు చుట్టూ బజార్లలో దుకాణాలు బద్దలవుతున్నాయి. అమీర్లు ఆస్తులను ఎక్కడివక్కడ వదిలేసి, భార్యాబిడ్డల చేతులు పట్టుకుని గోల్కొండ దారి పట్టారు. వాళ్లకంటే ముందే, రాత్రికి రాత్రి, రాజు అబుల్ హసన్ కుతుబ్ షా కోటలోకి వెళ్లిపోయాడు. జనం నోట తానీషాగా నిలిచిపోయిన రాజు ఆయనే.

సంధికి కబురు పంపారు. ఔరంగజేబు కొడుకు షా ఆలం నుంచి షరతులు వచ్చాయి. బకాయిల కింద కోటీ ఇరవై లక్షల రూపాయలు కట్టాలి. ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం ఇవ్వాలి. మల్ఖేడ్, సేడం వదులుకోవాలి. ఓడిన రాజ్యానికి ఇలాంటి షరతులు కొత్తవి కావు. మరో షరతు మాత్రం డబ్బుతో, భూమితో తీరేది కాదు. మాదన్ననూ ఆయన అన్న అక్కన్ననూ కొలువులోంచి తీసెయ్యాలి.

ఢిల్లీ పాదుషా పేరు పెట్టి మరీ తొలగించమన్నాడంటే ఆ మంత్రి ఎంతటివాడై ఉండాలి? ఒక చక్రవర్తికి అంతగా కంట్లో నలుసైన ఆ తెలుగు ఉద్యోగి ఎక్కడివాడు?

హనుమకొండ నుంచి

మాదన్న పుట్టింది హనుమకొండలో, ఒక పేద బ్రాహ్మణ కుటుంబంలో. ఇంట్లో నలుగురు అన్నదమ్ములు. తండ్రి పేరు భానోజీ పంతులని సంప్రదాయం చెబుతుంది. ఆ అన్నదమ్ముల గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం, కోరమండల తీరంలో డచ్చి కంపెనీకి పనిచేసిన డేనియల్ హవార్ట్ రాసిపెట్టినదే. ఆయన పుస్తకం 1693లో హాలెండులో అచ్చయింది. అప్పటికి మాదన్న పోయి ఏడేళ్లయింది.

పదిహేడో శతాబ్దపు గోల్కొండలో ఇలాంటి ఇంటి పిల్లవాడు పైకి రావడానికి దారి ఒక్కటే, లెక్క. కత్తి తురుష్క, పారసీక అమీర్ల చేతిలో ఉండేది. దర్బారు భాష పారసీకం. కానీ రాజ్యాన్ని నడిపే డబ్బు ఊళ్లలో పుట్టేది, ఆ ఊళ్ల పద్దులు తెలుగులో ఉండేవి. కుతుబ్ షాహీల ఫర్మానాలు చాలావాటిలో పైన పారసీకం ఉంటే కింద తెలుగు ఉండేది అందుకే. రెండు భాషల మధ్య, రెండు లోకాల మధ్య కూర్చుని పద్దు రాసేవాడికి ఉన్న బలం పైకి కనబడదు. మాదన్న ఆ చోట కూర్చున్నాడు. సయ్యద్ ముజఫర్ అనే పెద్ద అమీరు దగ్గర ఆయన కొలువు కుదిరింది.

1672 ఏప్రిల్‌లో అబ్దుల్లా కుతుబ్ షా చనిపోయాడు. కొడుకులు లేరు. సింహాసనం కోసం అల్లుళ్ల మధ్య పోటీ వచ్చింది. పెద్ద అల్లుడికి బలగం ఎక్కువ. చిన్న అల్లుడు అబుల్ హసన్, షా రాజు అనే సూఫీ గురువు మఠంలో ఏళ్ల తరబడి గడిపినవాడు. సయ్యద్ ముజఫర్, మూసాఖాన్ అనే అమీర్లు చిన్నల్లుడి పక్షాన నిలబడి ఆయన్ను గద్దెనెక్కించారు. ఆ మేలుకు ప్రతిఫలంగా ముజఫర్ మీర్ జుమ్లా అయ్యాడు. రాజ్యపు రాబడి అంతా మీర్ జుమ్లా చేతి మీదుగా నడిచేది.

తనను రాజును చేసినవాడు తననే ఆడించబోతే ఏ రాజూ సహించడు. మఠం నుంచి వచ్చిన మెతకమనిషి కదా అనుకున్న ముజఫర్ లెక్క తప్పింది. ఆయన పద్దులు, ఆయన మనుషులు, ఆయన బలహీనతలు అన్నీ తెలిసిన గుమాస్తా ఒకడు ఆయన కచేరీలోనే ఉన్నాడు. ముజఫర్ వెంట ఉన్న అధికారులు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. 1674లో మీర్ జుమ్లా పదవి ఆయన చేజారింది. రక్తపాతం లేకుండా గోల్కొండ ఖజానా తాళం హనుమకొండ పంతులు చేతికి వచ్చింది. రాజు ఆయనకు సూర్యప్రకాశరావు అని బిరుదిచ్చాడు.

చావడి ముందు రాజ్యం

మాదన్న ఏలిన పన్నెండేళ్ల రాజ్యం ఎలా నడిచేదో తెలియాలంటే కోటలో కాకుండా ఊరి చావడి ముందు నిలబడి చూడాలి.

ఆ చావడిని కొండగట్టు సీమలో వెతుకుదాం. హనుమకొండ నుంచి కరీంనగర్ మీదుగా కొండగట్టుకు ఇవాళ నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. అప్పటికి ఈ సీమకు జగిత్యాల కోట లేదు. ఈ చుట్టుపక్కలకు పెద్ద కోట మానేరు ఒడ్డున ఉన్న ఎలగందుల. చెరువు కింద వరి, మెట్ట మీద జొన్న పండే సీమ ఇది. ఇక్కడికి పడమట కోనసముద్రంలో కరిగించిన ఉక్కు పారసీక దేశం దాకా పోయి కత్తులయ్యేది. ఆ వరి గింజకూ ఆ ఉక్కు దిమ్మెకూ గోల్కొండ లెక్కలో చోటుండేది.

రాబడి వసూలుకు అప్పుడు ఇజారా పద్ధతి ఉండేది. ఎక్కువ పాడినవాడికి ఇలాకా దక్కేది. పాడిన సొమ్ము ఖజానాకు కట్టాక, మిగిలింది వాడి లాభం. ఊహించుకుందాం. కొండగట్టు కింద ఒక పల్లె. చెరువు సగమే నిండిన ఏడు. చావడి అరుగు మీద కరణం, ఎదురుగా తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్న ఒక రైతు.

"పంతులూ, పోయినేటికంటే ఈయేడు ఎక్కువ రాసిన్రు. చెర్వు నిండలే, పొలం ఎండిపాయె. ఎక్కడ్నుంచి తెచ్చి కట్టాలె?"

"నేను పెంచింది కాదురా మల్లిగా. ఇజారా పట్టినాయన ఎక్కువకు పాడిండు. ఆయన పాడింది మనూరి మీదనే పడ్తది."

"మరి పైన అడిగెటోళ్లే లేరా?"

"పైన ఉన్నాయన మన లెక్క చదవొచ్చినోడే. గని ఆయనకూ పైన ఒకడున్నడు."

ఆ చివరి మాటలోనే మాదన్న బలమూ పరిమితీ రెండూ ఉన్నాయి. ఆయన ఊరి పద్దు చదవగలిగిన మీర్ జుమ్లా. అంతకుముందు అమీర్లు పద్దు కోసం బ్రాహ్మణ గుమాస్తాల మీద ఆధారపడేవారు. ఇప్పుడు ఆ గుమాస్తానే అమీరయ్యాడు. పరగణా కచేరీ నుంచి కోట దాకా పద్దు ఒకే చేతి మీదుగా నడిచింది. ఖజానాలోకి డబ్బు సరిగ్గా వచ్చింది. కానీ ఆ డబ్బుకు పైన కాచుకుని కూర్చున్నవాళ్లు ఇద్దరు. ఒకరు వజ్రాలతో, వేడుకలతో కొలువు తీర్చే తానీషా. ఇంకొకరు 1636 సంధి నాటి నుంచి కప్పం అడుగుతున్న ఢిల్లీ. ఈ ఇద్దరి ఆకలి తీర్చే భారం తిరిగి తిరిగి ఆ చావడి ముందు రైతు మీదే పడింది. మాదన్న సమర్థుడని చెప్పేవాళ్లు ఈ రైతును మరవకూడదు. ఆయన్ను తిట్టేవాళ్లు పైనున్న ఆ రెండు నోళ్లను మరవకూడదు.

శివాజీకి విందు

కప్పం కడుతూ ఎన్నాళ్లు బతకడం? మాదన్న రాజనీతి ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఉత్తరాన ఔరంగజేబు, పడమట కుంగిపోతున్న బీజాపూరు. ఆ రెండింటి నడుమ కొత్తగా ఒక శక్తి లేచింది, మరాఠా. 1674లో శివాజీకి రాయగఢ్‌లో పట్టాభిషేకం అయింది. మాదన్న మీర్ జుమ్లా అయింది కూడా ఆ ఏడే.

1677 తొలి నెలల్లో శివాజీ తన సైన్యంతో హైదరాబాదు వచ్చాడు. దారిలో ఊళ్లను దోచకూడదని మరాఠా సేనకు గట్టి ఆజ్ఞ. నగరం వీధులు అలంకరించారు. మిద్దెల మీద జనం. అంతకుముందు దోపిడీదారుగానే పేరు విన్న మనిషి, అతిథిలా అందరికీ నమస్కరిస్తూ రాజు దగ్గరికి నడిచాడు. తానీషా ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆ భేటీ వెనుక పని అంతా మాదన్నది. మరాఠా గాథలు రాసినవాళ్లు ఒక ముచ్చట రాశారు. మర్నాడు మాదన్న శివాజీని తన ఇంటికి భోజనానికి పిలిచాడట. తల్లి స్వయంగా వంట చేసిందట. అన్నదమ్ములిద్దరూ ఎదుట కూర్చుని కొసరి కొసరి వడ్డించారట. ఒక దేశపు మంత్రి ఇంకో దేశపు రాజుతో ఒప్పందం చేసుకునే ముందు అమ్మ చేతి అన్నం పెట్టించడంలో మనింటి మర్యాద ఉంది. అంతకుమించిన తెలివీ ఉంది. వంటింటి దాకా రానిచ్చినవాడు పరాయివాడు కాదని ఆ విందు చాటింది.

ఒప్పందం కుదిరింది. శివాజీ కర్ణాటక దండయాత్రకు గోల్కొండ రోజుకు మూడు వేల హొన్నులిస్తుంది, ఐదు వేల సైన్యాన్ని, ఫిరంగులను తోడు పంపుతుంది. గెలిచిన దేశంలో తన తండ్రి షాజీ జాగీరు కాని భాగాన్ని శివాజీ గోల్కొండకు అప్పగిస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, మొఘలులు మీదికి వస్తే ఇద్దరూ కలిసి నిలబడాలి. శివాజీ శ్రీశైలం మల్లన్నను దర్శించి దక్షిణానికి వెళ్లాడు. జింజీ గెలిచాడు, వేలూరు గెలిచాడు. అనుకున్న వాటా మాత్రం గోల్కొండకు అందలేదు. మాదన్న పెట్టిన సొమ్ముకు భూమి రాలేదు. మొఘలుల లెక్కలో ఆయన నేరాల చిట్టా మాత్రం అక్కడే మొదలైంది.

అయినవాళ్లు

మాదన్న మీద ఆనాటివాళ్లు వేసిన పెద్ద నింద అయినవాళ్ల పాలన. అది ఊరికే వేసిన నింద కాదు. అన్న అక్కన్న కొలువులో పెద్ద పదవుల్లో ఉన్నాడు. మేనల్లుళ్లకు సైన్యంలో, పరగణాల్లో అధికారాలు దక్కాయి. మద్రాసు పక్క పూనమల్లి సీమను ఏలిన పొదిలి లింగప్ప ఈ బంధువర్గంవాడే. సెయింట్ జార్జి కోటలోని ఇంగ్లీషు వర్తకులు తనకు తగిన కానుకలు ఇవ్వలేదని కోపగించి, కోటకు సరుకులు పోకుండా అడ్డం వేసినవాడు ఆయన. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్లు గోల్కొండ అధికారిని చూసి భయపడేవాళ్లు. మద్రాసు గవర్నర్ స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ 1679లో మచిలీపట్నం దాకా ప్రయాణం చేసి, ఈ దేశపు పాలన బ్రాహ్మణుల చేతుల్లో ఉందని తన దినచర్యలో రాసుకున్నాడు.

పాల్వంచ పరగణాలో తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న మాదన్నకు మేనల్లుడని సంప్రదాయం. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, లెక్క చెప్పలేక గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు గడిపాడని ఆ కథ తెలుగు ఇళ్లన్నిటికీ తెలుసు. మనం దాన్ని భక్తి కథగా వింటాం. ఇంకోవైపు నుంచి చూస్తే అది ఒక మంత్రి ఇంటి కథ కూడా. ఖజానా తాళం మేనమామ చేతిలోనే ఉంది. అయినా మేనల్లుడికి తలుపు తెరుచుకోలేదు. అయినవాళ్లను అందలమెక్కించినవాడే, పద్దులో సొమ్ము తగ్గినప్పుడు అయినవాణ్ణి కూడా గోడల మధ్య వదిలేయాల్సి వచ్చింది.

పదవులు పోగొట్టుకున్న అమీర్లు ఇవన్నీ గుర్తుపెట్టుకున్నారు. తాతల నాటి నుంచి తమవనుకున్న కుర్చీల్లో కొత్తవాళ్లు కూర్చోవడం, ఆ కొత్తవాళ్లు వేరే మతంవాళ్లు కావడం, రెండూ కలిసి కోటలో పగ రాజుకుంది.

చిక్కిన ఉత్తరం

1685 వేసవిలో ఔరంగజేబు సైన్యం బీజాపూరును ముట్టడించింది. పొరుగు రాజ్యం పడిపోతే తర్వాత వంతు తమదేనని గోల్కొండకు తెలుసు. బీజాపూరుకు సాయంగా పెద్ద సైన్యాన్ని పంపుతానని తానీషా రాసిన ఉత్తరం ఒకటి మొఘలుల చేతికి చిక్కింది. ఔరంగజేబుకు కావలసిన సాకు దొరికింది. షా ఆలం సైన్యంతో హైదరాబాదు మీదికి కదిలాడు.

గోల్కొండ సేన మల్ఖేడ్ దగ్గర ఎదురు నిలిచింది. సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం, మాదన్న పైకి తెచ్చిన మనిషి. అక్టోబరులో ఆ సేనాపతి శత్రువులో కలిసిపోయాడు. మొఘలులు ఆయనకు మహబత్ ఖాన్ అని బిరుదిచ్చారు. సేనాపతి లేని సైన్యం చెదిరింది, రాజు కోటలోకి పారిపోయాడు, నగరం దోపిడీ అయింది. మాదన్న కట్టిన గోడలో మొదట కూలిన రాయి ఆయన స్వయంగా పేర్చినదే.

షరతులు వచ్చాయి. డబ్బుకు ఒప్పుకోవచ్చు, భూమికి ఒప్పుకోవచ్చు. మంత్రులను తీసెయ్యడానికి మాత్రం తానీషా నెలల తరబడి జాగు చేశాడు. తనను ముజఫర్ చేతిలోంచి విడిపించింది మాదన్న. పన్నెండేళ్లు ఖజానా నింపింది మాదన్న. ఇప్పుడు ఆయన్ను పంపేస్తే రాజ్యం నడిపేదెవరు?

మార్చి రాత్రి

కోటలో అందరూ రాజులా ఆలోచించలేదు. ఈ కష్టమంతా ఆ ఇద్దరి వల్లే వచ్చింది, వాళ్లు పోతే పాదుషా శాంతిస్తాడు, కోట దక్కుతుంది. అంతఃపురంలోని పెద్ద బేగములు ఈ మాటే అనుకున్నారు, కొలువులోని అమీర్లు వాళ్లతో కలిశారు. రాజు ఆజ్ఞ కోసం ఎవరూ ఆగలేదు.

1686 మార్చి. రాత్రి వేళ అన్నదమ్ములిద్దరూ రాజు కొలువు నుంచి ఇంటికి బయల్దేరారు. గోల్కొండ కోట వీధి. ఏళ్ల తరబడి వాళ్లు వస్తుంటే జనం పక్కకు తప్పుకుని దారిచ్చిన వీధి అది. ఆ రాత్రి బానిసలు కొందరు దారికి అడ్డంగా నిలబడ్డారు. వాళ్లకు ముందు నడిచినవాడి పేరు జంషీద్. కత్తులు లేచాయి. పన్నెండేళ్లు రాజ్యపు లెక్కలు రాసిన చెయ్యి ఆ వీధిలో ఒరిగిపోయింది. అన్న కూడా ఆ రాత్రే పోయాడు.

కత్తులు అక్కడితో ఆగలేదు. మంత్రుల ఇళ్లు దోచారు. కోటలో ఉన్న బ్రాహ్మణుల ఇళ్ల మీద పడ్డారు. తెల్లవారాక మాదన్న తలను మొఘల్ శిబిరానికి పంపారు. షరతు తీరిందని చెప్పడానికి అంతకంటే రుజువు ఏం కావాలని పంపినవాళ్లు అనుకుని ఉంటారు.

పద్దెనిమిది నెలలు

1686 సెప్టెంబరులో బీజాపూరు పడిపోయింది. 1687 జనవరి చివర ఔరంగజేబు స్వయంగా గోల్కొండ ముందు నిలిచాడు. డబ్బు ముట్టింది, తల ముట్టింది, ఇంకా ఏం కావాలి? పాదుషా తానీషా మీద నేరాలు చదివాడు. రాజ్యాధికారం కాఫిర్ల చేతికి ఇచ్చాడన్నది అందులో మొదటిది. శివాజీ కొడుకు శంభాజీకి లక్ష హొన్నులు పంపాడన్నది ఇంకొకటి. ఏ మంత్రిని చంపితే పాదుషా చల్లబడతాడనుకున్నారో, ఆ మంత్రి చచ్చి ఏడాది కావస్తున్నా అదే నేరం కోట గోడ మీద ఉరితాడై వేలాడింది.

ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. మొఘలులు తవ్విన సొరంగాలు తిరగబడి వాళ్లనే చంపాయి. వానలు, వరదలు, కరువు శిబిరాన్ని పీల్చేశాయి. ఫిరంగి గుండు తగిలి ఖిలిచ్ ఖాన్ చనిపోయాడు. తర్వాతి కాలంలో హైదరాబాదును ఏలిన మొదటి నిజాముకు ఆయన తాత. ఇంతటి కోట చివరికి గుండ్లకు పడలేదు. 1687 సెప్టెంబరు 21 రాత్రి అబ్దుల్లా పానీ అనే అధికారి లంచానికి లొంగి తలుపు తెరిచాడు. రాజుకు నమ్మినబంటు అబ్దుల్ రజాక్ లారీ ఒక్కడు ఒళ్లంతా గాయాలతో పోరాడి పడిపోయాడు. తానీషాను దౌలతాబాదు కోటకు తీసుకుపోయారు. ఆయన అక్కడే బందీగా కన్నుమూశాడు. ఎలగందుల, దాని కింది పల్లెలు మొఘల్ సుబాలో ఒక సర్కారయ్యాయి.

మాదన్న తలకు గోల్కొండకు దక్కిన వ్యవధి పద్దెనిమిది నెలలు.

ఇవాళ ఆయన పేరు మూడు చోట్ల వినబడుతుంది. విజయవాడ కొండ కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి. ఆ గుహలు వాళ్లకంటే వెయ్యేళ్లు ముందువి, పేరు మాత్రం వాళ్లది. హైదరాబాదు పాతబస్తీ హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడి నుంచి బోనాల నాడు ఏనుగు మీద ఘటం కదులుతుంది. పల్లెల్లో ఎప్పుడూ జంటగా తిరిగే ఇద్దరిని చూసి అక్కన్న మాదన్నలని పిలుస్తారు. జనం వాళ్లను మరవలేదు. మరిచింది వాళ్ల చావు చెప్పిన పాఠాన్ని.

మాదన్నను దేవుణ్ణి చేయనక్కర్లేదు. ఆయన బంధువులను నెత్తికెత్తుకున్నాడు. ఆయన కాలంలో రైతు మీద బరువు తగ్గలేదు. ఆయన నమ్మిన సేనాపతి ద్రోహి అయ్యాడు, ఆయన కుదుర్చుకున్న మైత్రి వాటా తేలేదు. అయినా ఔరంగజేబుకు ఎదురు నిలవడానికి దక్కను రాజ్యాలు కలవాలని ఎరిగి, ఆ దారిలో అడుగు వేసినవాడు గోల్కొండలో ఆయనే. శత్రువు పేరు పెట్టి మరీ ఎవరి తల అడుగుతాడో, ఆ రాజ్యానికి అక్కరైనవాడు సాధారణంగా వాడే. ఆ తల ఇచ్చి శాంతి కొనుక్కోవచ్చని చెప్పేవాళ్లు ప్రతి కొలువులో ఉంటారు. వాళ్లు చెప్పిన బేరం గోల్కొండలో ఒకసారి జరిగింది. ఇచ్చింది ముట్టిందిగానీ, కొనుక్కున్నది చేతికి రాలేదు.